పత్తాల బల్ల మీద తాత ఫోటో ఎందుకు?

కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు పైఅంతస్తులో ఒక 'గేమ్ రూమ్' పెట్టుకోవడం మా వైపు కూడా మొదలైంది. గద్వాలలో ఒకటి చూశాను, వనపర్తిలో రెండు చూశాను, మొన్న చెల్లెలింటికి నాగర్‌కర్నూల్ పోతే అక్కడ వాళ్ల పక్కింట్లో ఇంకొకటి. ఏసీ, మెత్తటి కుర్చీలు, మధ్యలో పచ్చటి ఫెల్ట్ గుడ్డ పరిచిన గుండ్రటి బల్ల. అంతవరకు ఎవరి డబ్బు వాళ్లది. నా పేచీ ఆ గుడ్డ మీద వేయించుకునే బొమ్మలతో. ఒకరు ఇంటిపేరు బంగారు రంగు అక్షరాల్లో వేయించారు. ఒకరు గద్వాల కోట బొమ్మ వేయించారు. ఇంకొకరు ఏకంగా కాలం చేసిన తండ్రి ఫోటో నడుమ వేయించి, చుట్టూ ఎనిమిది గుండ్రాలు గీయించారు, పందెం బిళ్లలు పెట్టుకోవడానికి.

ఇది బాగాలేదు. మెల్లగా చెప్తే ఎవరూ వినడం లేదు కాబట్టి ఇక్కడ కొంచెం గట్టిగానే చెప్తాను.

ముందే ఒక మాట. పత్తాలు ముట్టుకుంటేనే పాపం అనే మనిషిని కాను. శివరాత్రి జాగారానికి మా పుట్టింట్లో తెల్లవార్లూ వైకుంఠపాళి, పచ్చీసు, పత్తాలు అన్నీ ఆడేవాళ్లం. రమ్మీ నాకూ వచ్చు, మా ఆయనకంటే బాగా వచ్చు. గుడ్డ మీద బొమ్మే వద్దనే మనిషినీ కాను. గద్వాలలో పుట్టినదాన్ని, ఆ మాట ఎలా అంటాను? ఏ బొమ్మ, ఏ గుడ్డ మీద, ఎవరి కోసం అన్నదే నా గొడవ.

గొడవ మా ఇంటిదాకా కూడా వచ్చింది. మా మరిది కొడుకు వనపర్తిలో ఇల్లు కట్టాడు. హైదరాబాదులో ఉద్యోగం, పండుగలకు వస్తాడు, మంచి పిల్లవాడు. సంక్రాంతికి బల్ల తయారు కావాలని వడ్రంగికి చెప్పాడు. గుడ్డ నడుమ మా మామయ్య ఫోటో, చుట్టూ ఒక తెలుగు వాక్యం. ఆ వాక్యం రాసివ్వమని నా దగ్గరికి వచ్చాడు. బీఏ తెలుగు చదివిన పాపానికి మా ఇంట్లో పెళ్లి శుభలేఖల నుంచి గృహప్రవేశం పిలుపుల దాకా నేనే రాస్తాను. ఇది మాత్రం రాయనన్నాను.

"పెద్దమ్మా, తాతకు పత్తాలంటే పానం గద. ప్రేమతోనే చేపిస్తున్న" అన్నాడు.

ప్రేమతోనే అని నాకూ తెలుసు. అయినా ఎందుకు రాయనన్నానో వాడికి చెప్పిన వరుసలోనే మీకూ చెప్తాను.

మొదటిది మర్యాద. బల్ల మీద ఏముంటాయి? మోచేతులుంటాయి. చాయ్ గ్లాసుల కింద తడి వలయాలుంటాయి, మిర్చి బజ్జీ నూనె చేతులుంటాయి. రాత్రి పదకొండు దాటితే సిగరెట్ నుసి ఉంటుంది, ఓడిపోయినవాడు ముక్కలు విసిరికొట్టే చెయ్యి ఉంటుంది. ఇవన్నీ పడేది ఆ ఫోటో మొహం మీదే. గోడ మీద ఫోటోకు దండ వేసి, కింద బల్ల మీద అదే మొహానికి ఎంగిలి గ్లాసు ఆనిస్తామా?

మా ఊరి నేతవాళ్లను చూడండి. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పోగునూ పట్టు పోగునూ ఒకదానికొకటి మెలివేసి కలుపుతారు. హంస ఎక్కడ రావాలి, నెమలి ఎక్కడ రావాలి, కట్టుకున్నప్పుడు కొంగు భుజం మీద ఎటు పడుతుంది, ఇవన్నీ మగ్గం మీదికి ఎక్కకముందే అనుకుంటారు. తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏటా గద్వాల నుంచి పోయే ఏరువాడ జోడు పంచెలను నేసేవాళ్లు నియమంతో ఉండి నేస్తారు. గుడ్డ మీద ఏం వేస్తున్నామో, ఆ గుడ్డ ఎక్కడికి పోతుందో ఆలోచించడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అటువంటి ఊరి కోట బొమ్మను పందెం గుండ్రాల నడుమ పడేస్తే నాకు నచ్చదు.

రెండోది పని తెలియకపోవడం. ఇది వంటింటి మనిషి మాట అని కొట్టిపారేయకండి, ఇరవై ఏళ్లుగా కుట్టుమిషన్ తొక్కుతున్న చేయి చెప్పే మాట ఇది.

ఆటబల్లకు ఆ గుడ్డ ఎందుకు వేస్తారు? ఉత్త చెక్క మీద ముక్క జారి అవతలికి పోతుంది, పడి ఉన్న ముక్క అంచు గోటికి అందదు. నూగు గల గుడ్డ వేస్తే ముక్క కావలసినంత జారి ఆగుతుంది, వేలితో ఎత్తితే లేస్తుంది, చప్పుడు ఉండదు. మన పెద్దలు దీన్ని బనాతు అనేవాళ్లు. బనాతు ఉన్నితో నేసినది, ఫెల్ట్ నేయకుండా పీచును తడిపి అదిమి చేసినది. ఇప్పుడు బజారులో దొరికేది చాలావరకు పాలిస్టర్. పచ్చ రంగు కూడా ఊరికే రాలేదు. బిలియర్డ్స్ ఒకప్పుడు గడ్డి మీద ఆడిన ఆట. లోపల బల్ల మీదికి వచ్చినప్పుడు గడ్డి రంగు గుడ్డ వేశారు, పత్తాల బల్లలకూ అదే అంటుకుంది.

ఇప్పుడు దీని మీద బొమ్మ ఎలా వేస్తారు? కప్పుల మీద, జెర్సీల మీద ఫోటోలు వేసే సబ్లిమేషన్ పద్ధతి ఒకటుంది. కాగితం మీద అచ్చు వేసి, దాదాపు 200 డిగ్రీల వేడిలో ఒక నిమిషం అదిమితే రంగు ఆవిరై పీచులోకి పోతుంది. చేత్తో తడిమితే బొమ్మ ఉన్నట్టే తెలియదు కాబట్టి ఆటకు ఇదే మేలు. కానీ ఇది పాలిస్టర్‌కే పడుతుంది, ఉన్నికి పట్టదు. పైగా ఈ పద్ధతిలో తెల్ల రంగు అనేదే లేదు. ముదురు పచ్చ గుడ్డ మీద ఫోటో వేస్తే మామయ్య పంచె కూడా పచ్చగానే వస్తుంది. తెల్ల గుడ్డ తీసుకుని, ఫోటోతో పాటు ఆ పచ్చదనాన్ని కూడా అచ్చు వేయించాలి. ఈ సంగతి తెలియక డబ్బు తగలేసుకున్న వాళ్లను చూశాను.

రెండో పద్ధతి వినైల్, అంటే వేడితో అతికించే స్టిక్కర్. నూగు మీద అది గట్టిగా పట్టదు. నాలుగు ఆటలకు అంచు లేస్తుంది, ముక్క దానికి తట్టుకుంటుంది, పిల్లలు గోటితో పీకుతారు. మూడోది స్క్రీన్ ప్రింటింగు. గీతలకు, అక్షరాలకు బాగుంటుంది, కానీ ఒక్కో రంగుకు ఒక్కో తెర కావాలి, ఫోటోకు పనికిరాదు. నాలుగోది దారంతో కుట్టు. చూడ్డానికి అందం, ఆడడానికి గతుకుల రోడ్డు.

ఇవన్నీ సర్దుకున్నా ఇంకో చిక్కుంది. ముక్కలు పడే చోట రంగురంగుల ఫోటో ఉంటే ముక్క కనపడదు. ఇస్పేటు నలుపు మామయ్య మీసంలో కలిసిపోతుంది. బొమ్మ వేయాలనుకుంటే అంచున వేయాలి, నడుమ ఖాళీగా ఉండాలి. ఏ మంచి బల్ల అయినా అంతే. పళ్లెం నడుమ ముగ్గు వేసి అన్నం పెట్టుకోం కదా.

మూడో కారణం అసలు కారణం. గుడ్డ మీద గీసే గీత, ఆ బల్ల చుట్టూ ఎవరు కూర్చోవాలో చెప్తుంది. ఎనిమిది కుర్చీలు, ఎనిమిది గుండ్రాలు, నడుమ పందెం పోసే చోటు. ఇది కాసినో బల్ల నమూనా. గుండ్రం గీసి పెట్టాక అది ఖాళీగా ఎంతకాలం ఉంటుంది? మొదటి సంక్రాంతికి ప్లాస్టిక్ బిళ్లలు, రెండో సంక్రాంతికి పది రూపాయల నోట్లు. మూడో సంక్రాంతికి తలుపు లోపలి నుంచి గడియ పెట్టుకుంటారు. ఆ ఎనిమిది కుర్చీల్లో ఇంటి ఆడవాళ్లకు ఒక్కటైనా ఉందేమో మీరే చూడండి. మనకు దక్కేది మెట్లు. చాయ్ పట్టుకుని పైకి, ఖాళీ గ్లాసులు పట్టుకుని కిందికి.

ఇక్కడ మగవాళ్లు తయారుగా పెట్టుకున్న జవాబు ఒకటుంది. "రమ్మీ నైపుణ్యం ఉన్న ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది." చెప్పింది, నిజమే. 1968 తీర్పు అని అందరూ అనే ఆ కేసు పేరు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసు. పదమూడు ముక్కల రమ్మీ మూడు ముక్కలాట లాగా ఉత్త అదృష్టం కాదు, ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి అని కోర్టు అన్నది. అదే తీర్పులో, ఇంటివాడో క్లబ్బువాడో ఆ పందెం మీద లాభం తీసుకుంటే నేరం కావచ్చని కూడా ఉంది. ఆ ముక్క మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోరు. 2017లో తెలంగాణ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీకి దారి మూసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఫోనులో మూసిన దారిని మనమే గుడ్డ పరిచి, తాత ఫోటో వేసి, మేడ మీద తెరుస్తున్నాం.

ఇంతకూ నేరమా కాదా అన్నది కోర్టు చూసుకుంటుంది. ఇంటికి అవసరమా కాదా అన్నది ఇంట్లో వాళ్లు చూసుకోవాలి.

చదువుకున్న తెలుగు కాస్త ఇక్కడ పనికొస్తుంది. జూదం అన్న మాట సంస్కృతం ద్యూతం నుంచి ప్రాకృతం మీదుగా మనకు వచ్చింది. నన్నయ భారతంలో సభాపర్వంలో ధర్మరాజు ఓడిపోయింది అందరికీ తెలుసు. అరణ్యపర్వంలో నలుడి కథ కూడా అదే. రాజ్యం పోయింది, అడవిలో ఒంటరిగా మిగిలింది దమయంతి. వీటికంటే చాలా పాతది ఋగ్వేదం పదో మండలంలోని అక్ష సూక్తం. తానికాయల్ని పాచికలుగా వేసి ఆడే జూదరి గోడు అది. అందులో అతని భార్య దుఃఖం ఉంది, తల్లి దుఃఖం ఉంది. చివరకు అది చెప్పేది జూదం మాని పొలం దున్నుకోమని. మూడు వేల ఏళ్ల నుంచి కొంపలో ఏడ్చేది ఎవరో మారలేదు.

అంత దూరం ఎందుకు, మా మామయ్య సంగతే చెప్తాను. చెప్పవచ్చా అని అత్తమ్మను అడిగాను. "రాయి బిడ్డా, దాచి ఏం జేస్తం" అన్నది.

మామయ్యకు పత్తాలంటే ప్రాణం, నిజం. పెళ్లయిన కొత్తలో ఊళ్లో అరుగు మీద సరదాగా మొదలైంది. ఒక ఏడు పల్లికాయ విత్తనాలకు దాచిన డబ్బు పోయింది, ఆ ఏడు చేను పడావు పడింది. తర్వాత అత్తమ్మ గాజులు పోయాయి. ఆ తర్వాత పుస్తెలతాడు తాకట్టుకు పోయి మళ్లీ రాలేదు. పదకొండేళ్లు అత్తమ్మ మెడలో పసుపుతాడే. పుట్టింటి పెళ్లిళ్లకు పోవడం మానేసింది, ఎవరైనా మెడ వైపు చూస్తారని. చివరికి రెండెకరాలు అమ్మాక మామయ్య మానేశాడు. మానేశాక మళ్లీ డబ్బు పెట్టి ముక్క పట్టలేదు. మనవళ్లు పుట్టాక వాళ్లను చుట్టూ కూర్చోబెట్టుకుని చింతగింజలు పెట్టి ఆడించేవాడు. పిల్లలకు గుర్తున్నది ఆ తాత. అత్తమ్మకు ఇద్దరూ గుర్తున్నారు.

పిల్లవాడు ఫోనులో ఆ డిజైన్ చూపించినప్పుడు అత్తమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. పచ్చ గుడ్డ, నడుమ మామయ్య, చుట్టూ గుండ్రాలు. ఫోను వాడి చేతికిచ్చి, "మీ తాతను గోడ మీద ఉండనియ్‌రా. మల్లా ఆ బల్లకాడికి తోలకు" అన్నది. ఇంకేమీ అనలేదు, లేచి లోపలికి పోయింది.

నా మూడు కారణాలకంటే ఆ ఒక్క మాట పెద్దది. ప్రేమతో చేసే పనికి ముందు, ఆ ప్రేమ ఖర్చు ఇదివరకు ఎవరు కట్టారో అడిగి తెలుసుకోవాలి. పెద్దవాళ్ల జ్ఞాపకం ఇంట్లో అందరిదీ, ఒకళ్లు తీసుకుని గుడ్డ మీద అచ్చు వేయించుకునేది కాదు.

అయితే బల్ల వద్దా అంటారు. ఎందుకు వద్దు? బల్ల చేయించండి. గుడ్డ వేయండి. దాని మీద ఆటే గీయించండి, అందరూ కూర్చునే ఆట.

పచ్చీసు మొదటి నుంచీ గుడ్డ ఆటే. కూడలి ఆకారంలో గుడ్డ కత్తిరించి, గడులు కుట్టి, ఆట అయిపోయాక గవ్వలు అందులోనే చుట్టి పెట్టుకునేవాళ్లు. ఫతేపూర్ సిక్రీలో అక్బరు కోట ముంగిట రాతి మీద గీసిన పచ్చీసు ఇప్పటికీ ఉంది. ఇంగ్లాండు వాళ్లు దీన్నే తేలిక చేసి 1896లో లూడో అని పేటెంటు తీసుకున్నారు. మన పిల్లలు ఇవాళ ఫోనులో ఆడేది అదే. నలుగురు కూర్చోవచ్చు, నలుగురి వెనక నలభై మంది సలహాలు చెప్పవచ్చు.

లెక్క కూడా చెప్తాను. పచ్చీసుకు నాలుగు కొమ్మలు, ఒక్కో కొమ్మకు మూడు వరుసలు, వరుసకు ఎనిమిది గడులు. మొత్తం 96 గడులు, నడుమ ఇల్లు. ఈ చివర నుంచి ఆ చివరకు 8, 3, 8 కలిపి 19 గడుల పొడవు. గడి రెండంగుళాలైతే 38 అంగుళాలు. నాలుగు అడుగుల బల్ల మీద చుట్టూ గ్లాసులకు చోటు ఉంచి హాయిగా పడుతుంది. అష్టాచెమ్మకు ఐదు ఐదుల ఇరవై ఐదు గడులు, నాలుగు గవ్వలు చాలు. అన్నీ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు. అన్నీ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. పులిజూదానికి మూడు పులులు, పదిహేను మేకలు. పేరులోనే జూదం ఉంది కానీ పైసా పని లేదు. మేకలన్నీ ఒక్కటై పులిని కదలకుండా చేయడం పిల్లలకు నేర్పాల్సిన విద్యే.

ఈ ఆటల్లో ముక్క జారే పని లేదు కాబట్టి ఇందాక గతుకులన్న కుట్టు ఇక్కడ నిక్షేపంగా పనికొస్తుంది. ఫెల్ట్‌ను కత్తిరిస్తే అంచు పోగులు ఊడదు, మడిచి కుట్టే పని లేదు. వేరే రంగు ఫెల్ట్‌ను గడులుగా కత్తిరించి చేత్తోనే అతుకు కుట్టు వేసుకోవచ్చు. గవ్వలు మెత్తటి గుడ్డ మీద ఎగిరిపడవు, చప్పుడు లేదు కాబట్టి పడుకున్న చంటిపిల్ల లేవదు. గుడ్డను బల్లకు అతికించకండి. చుట్టూ ఎలాస్టిక్ వేసి తొడుగులాగా కుట్టుకోండి. పత్తాలు ఆడేటప్పుడు తీసేస్తే కింద సాదా గుడ్డ ఉంటుంది, మరకపడితే ఉతుక్కోవచ్చు. చిరిగిన గద్వాల చీర అంచు ఇంట్లో ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని కిందికి వేలాడే అంచుకు కుట్టండి, చేతుల రాపిడి తగలదు, జరీ పాడవదు. ఇంటి గుర్తు కావాలంటే అంతకంటే మంచి గుర్తు ఏముంది? అమ్మ కట్టిన చీర అంచు మీద ఎవరూ పందెం కాయరు.

మా పిల్లవాడు ఇంకా అలిగే ఉన్నాడు. బల్ల వడ్రంగి దగ్గరే ఉంది, గుడ్డ సాదాగానే ఉంది. వాడి వాక్యం నేను రాయలేదు, రాయను. పచ్చీసు గీసిస్తానన్నాను, గవ్వలు అత్తమ్మ ఇస్తానన్నది.

మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి బల్లకు ఆర్డరు ఇస్తుంటే, గుడ్డ మీద అచ్చు పడకముందే ఆ బొమ్మను ఇంట్లో అందరికంటే పెద్దావిడకు చూపించండి. ఆవిడ ఏమంటుందో వినండి. ఏమీ అనకుండా లేచిపోతే, అది కూడా జవాబే అని తెలుసుకోండి.